మూడున్నరేళ్ళ పాపని థియేటర్‌కి తీసుకెళ్ళొచ్చా? మీరు దేన్ని బట్టి నిర్ణయించుకున్నారు?

#1 పాలపిట్ట

మా పాపకి మూడున్నరేళ్ళు. పిల్లల యానిమేషన్ సినిమా ఒకటి వస్తోంది. పోస్టర్ చూసినప్పటి నుంచి "అది చూద్దాం" అని ఒకటే గోల. ఇంట్లో తలో మాట అంటున్నారు. మా ఆయన "ఐదేళ్ళు వచ్చేదాకా థియేటర్ మాటెత్తొద్దు" అంటారు. మా అత్తయ్యేమో "మేం చంటిపిల్లల్ని చంకనేసుకుని వెళ్ళాం, వాళ్ళకేమైంది?" అంటారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపిస్తోంది, అదే సమస్య.

టీవీ ముందు పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చుంటుంది. తర్వాత లేచి బొమ్మల దగ్గరికి పోతుంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటుంది. చీకటంటే పెద్దగా భయం లేదు.

పిల్లలకి టీవీ చూపించడం మంచిదా కాదా అనే చర్చ ఇక్కడ వద్దండీ. "ఇక తీసుకెళ్ళొచ్చు" అని మీరు దేన్ని చూసి అనుకున్నారో చెప్పండి చాలు.

#2 గోడమీద పిల్లి

ఐదేళ్ళు. మీ ఆయనకే నా ఓటు.

#3 రెండో ఆట

నన్నడిగితే ఏడాది లోపు పిల్లలతోనే హాయి. పాలు పట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే శుభం కార్డు దాకా నిద్రే. మేమలాగే చూశాం చాలా సినిమాలు. కష్టమంతా నడక వచ్చాక మొదలవుతుంది. అప్పటి నుంచి మూడేళ్ళ దాకా ఆ వైపు చూడకపోవడమే మంచిది. పిల్లాడు వరుసల మధ్య పరిగెత్తుతుంటే వెనకాల మనం వంగి వంగి నడవాలి.

#4 చెవిలో పువ్వు

>> పాలు పట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే శుభం కార్డు దాకా నిద్రే

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చూస్తాను (ఐడీ చూసి నవ్వుకోండి, పర్లేదు). నిద్రపోయినంత మాత్రాన చెవి పని మానేయదండీ. శబ్దం లోపలి చెవి దాకా వెళ్తూనే ఉంటుంది. పైగా పసిపిల్లల చెవి నాళం చాలా చిన్నది. అందువల్ల కీచుమనే శబ్దాలు మనకంటే వాళ్ళకి ఇంకా గట్టిగా తగులుతాయి.

లెక్క చెప్తాను. పనిచేసే చోట పెద్దవాళ్ళు భరించగల శబ్దానికి అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ చెప్పే హద్దు రోజుకి 8 గంటలపాటు 85 డెసిబెల్స్. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది. అంటే 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు. ఇది పెద్దవాళ్ళ సంగతి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (ఐక్యరాజ్య సమితి టెలికం సంస్థ) కలిసి ఫోన్లలో పాటలు వినడానికి ఒక ప్రమాణం తెచ్చాయి. అందులో పిల్లలకి పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్. అది థియేటర్ కోసం రాసింది కాదు, నిజమే. కానీ చెవి ఎక్కడైనా చెవే. ఇదే సగం సగం లెక్క వేసుకుంటూ పోతే, సగటున 87 డెసిబెల్స్ ఉన్న రెండున్నర గంటల సినిమా ఒక్కటి చూస్తే ఆ పిల్లవాడి వారం కోటా అక్కడికక్కడే ఖర్చయిపోయినట్టు.

ఒక్క సినిమాతో చెవుడొస్తుందని బెదిరించడం లేదు. మాటల సీన్లు ఎక్కువున్న సినిమాలో సగటు ఇంకా తక్కువే ఉంటుంది. కానీ చంటిబిడ్డ విషయంలో ఆ బిడ్డకి దక్కేది ఏమీ లేదు, చూసేది మనమే. పాలపిట్ట గారి పాప విషయం వేరు, తను నిజంగా చూస్తుంది. తీసుకెళ్ళేటట్టయితే పిల్లల సైజు ఇయర్‌మఫ్‌లు కొనండి, చెవి మొత్తం కప్పేవి. దూది పెడితే ఆగేది చాలా తక్కువ. చిన్న ఇయర్‌ప్లగ్‌లు ఈ వయసులో నోట్లోకి వెళ్తాయి కాబట్టి వద్దు. "నాయిస్ క్యాన్సిలింగ్" అని అమ్మే హెడ్‌ఫోన్స్ కూడా వేరే వస్తువు. అవి విమానం రొదలాంటి ఏకధాటి శబ్దాన్ని తగ్గిస్తాయి తప్ప, ఉన్నట్టుండి వచ్చే పేలుడు నుంచి కాపాడతాయని నమ్ముకోలేం.

ఇంకో మాట. ఇయర్‌మఫ్‌లు ఇంట్లోనే కొన్నాళ్ళు ఆటలాగా అలవాటు చేయండి. హాల్లో మొదటిసారి పెడితే పీకి పారేస్తారు.

#5 రెండో ఆట

@చెవిలో పువ్వు సార్, మా వాడికి ఇప్పుడు పదేళ్ళు. హోంవర్క్ అంటే వినపడదు, బిస్కెట్ కవరు చప్పుడు మాత్రం పక్కగదిలోంచి వినపడుతుంది. అది ఈ కోవలోకి రాదుగా? 😀

#6 బూత్ బాబు

నేను చాలాకాలం ప్రొజెక్షన్ రూమ్‌లో పనిచేశాను, కాబట్టి సౌండ్ గురించి నాలుగు మాటలు.

డాల్బీ ప్రాసెసర్ మీద వాల్యూమ్‌కి ఒక అంకె ఉంటుంది. 7 అంటే సినిమాని మిక్స్ చేసినవాళ్ళు స్టూడియోలో విన్న లెవెల్. ఆ లెక్కలో తెర వెనక ఉండే ఒక్కో ఛానెల్‌కి (అంటే విడివిడిగా శబ్దం వచ్చే ఒక్కో స్పీకర్ల జట్టుకి) 85 డెసిబెల్స్ ఆధారం, అక్కడి నుంచి మరో 20 దాకా ఎగరడానికి చోటు ఉంటుంది. అంటే బాంబు పేలినప్పుడు ఒక్క ఛానెల్లోనే 105 వరకూ పోవచ్చు. బాస్ స్పీకర్లు ఇంకా పైకి వెళ్తాయి. చాలా హాళ్ళలో 7 మీద వేయరు, తగ్గించే వేస్తారు. కొన్ని చోట్ల మాత్రం జనం ఈలల పైనుంచి వినపడాలని పెంచుతారు. అందుకే ఒకే సినిమా ఒక హాల్లో బాగుంటుంది, ఇంకో హాల్లో తలనొప్పి తెస్తుంది. మీరు ముందు ఒంటరిగా ఒకసారి వెళ్ళి ఆ హాలు ఎలా ఉందో చూసుకోవడం అన్నిటికంటే ఉత్తమం.

తల్లిదండ్రులు పెద్దగా పట్టించుకోనివి ట్రైలర్లు. పిల్లల సినిమాకే వచ్చి ఉంటారు, ముందు వచ్చేది మాత్రం కత్తులు, తుపాకుల ట్రైలర్. చప్పుడు గట్టిగా, కట్‌లు వేగంగా ఉంటాయి. పిల్లలు సగం మంది అక్కడే హడలిపోతారు. ప్రకటనలు, ట్రైలర్లు అయ్యాకే లోపలికి వెళ్ళండి. టైటిల్స్ పోతే పోయాయి.

సీట్లు వెనక వైపు తీసుకోండి. గోడల వెంబడి సర్రౌండ్ స్పీకర్లు ఉంటాయి కాబట్టి గోడ పక్కన వద్దు. మధ్య నడవాని ఆనుకుని ఉన్న సీటైతే లేచి వెళ్ళడానికీ వీలు. శబ్దం మరీ ఎక్కువుంటే బయటికొచ్చి చెప్పండి. ఒక్కరు చెబితే వినకపోవచ్చు, ముగ్గురు చెబితే తగ్గిస్తారు. నేనైతే తగ్గించేవాణ్ణి.

#7 వెనక సీటు

అందరూ పిల్లల చెవుల గురించే మాట్లాడుతున్నారు, మా చెవుల సంగతేంటి? టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి సినిమా వినపడాలా వద్దా? మొన్న ఒక ఎమోషనల్ సీన్ మొత్తం పక్క వరుసలో పిల్లాడి ఏడుపుతోనే గడిచింది. వాళ్ళ నాన్న లేవడు, ఫోన్ తీసి వీడియో పెట్టి చేతికిచ్చాడు. ఆ వెలుగు మా కళ్ళల్లో. ఆరేళ్ళ లోపు వాళ్ళని అసలు రానివ్వకూడదు.

#8 ఇద్దరి అమ్మ

@వెనక సీటు, ఆ నాన్న చేసింది తప్పే, ఒప్పుకుంటా. కానీ పిల్లల సినిమా మార్నింగ్ షోకి వచ్చి పిల్లలు మాట్లాడుతున్నారు అంటే ఎలా అన్నా? వాళ్ళ కోసం తీసిన సినిమాలో "అమ్మా, వాడెవరు?" అని అడిగే హక్కు వాళ్ళకుంది. రాత్రి సెకండ్ షో, పెద్దవాళ్ళ సినిమా అయితే మీతోనే ఉంటాను. ఆ టైమ్‌కి పిల్లలు మంచం మీద ఉండాలి.

#9 వెనక సీటు

పిల్లల సినిమాకి నేనెందుకు వెళ్తానక్కా. నేను చెప్పింది పెద్దవాళ్ళ సినిమా సంగతే.

#10 ఇద్దరి అమ్మ

అయితే మనకి గొడవే లేదు.

#11 అడ్మిన్

"ఆరేళ్ళ లోపు పిల్లల్ని నిషేధించాలా" అని మొదలైన మరికొన్ని పోస్టులని వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ పాలపిట్ట గారి ప్రశ్నకే జవాబివ్వండి.

#12 పలకా బలపం

నేను నర్సరీ టీచర్‌ని, పిల్లల మనస్తత్వం చదువుకున్నదాన్ని. ఇప్పటిదాకా శబ్దం గురించి చక్కగా చెప్పారు. భయం గురించి నేను చెప్తాను. మనం పెద్దవాళ్ళం ఎక్కువగా తప్పు అంచనా వేసేది అక్కడే.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు కథని చూసి భయపడరు, రూపాన్ని చూసి భయపడతారు. మంచి మనసున్న రాక్షసుడిని చూసి జడుసుకుంటారు, నవ్వుతూ మోసం చేసే అందమైన విలన్‌ని చూసి ఏమీ అనుకోరు. అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది మామూలు మనిషి కళ్ళముందే ఇంకేదో అయిపోవడం. మొహం మారడం, కళ్ళు ఎర్రబడడం, గోళ్ళు పెరగడం. మనకది గ్రాఫిక్స్, వాళ్ళకి మాత్రం ఆ మనిషి నిజంగానే పోయి ఇంకెవరో వచ్చినట్టు. ఏడెనిమిదేళ్ళు దాటాక భయం మారుతుంది. అప్పుడు దెయ్యం కంటే దొంగ, ప్రమాదం, అమ్మ తప్పిపోవడం లాంటి "నిజంగా జరగగలిగేవి" వణికిస్తాయి. అమెరికాలో జోఆన్ క్యాంటర్ అనే ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి దీని మీదే పరిశోధన చేశారు.

ఆవిడ చెప్పినవాటిలో మనకి బాగా పనికొచ్చేది ఇంకొకటుంది. చిన్నపిల్లలకి "అది నిజం కాదమ్మా, బొమ్మే" అని చెప్తే పెద్దగా ఉపయోగం ఉండదు. ఒళ్ళోకి తీసుకోవడం, చెయ్యి పట్టుకోవడం, కళ్ళు మూయడం పనిచేస్తాయి. మాటలతో ధైర్యం చెప్పడం ఆ పై వయసు వాళ్ళకే. కాబట్టి హాల్లో భయపడితే ఉపన్యాసం వద్దు, ఎత్తుకోండి.

ఇక "టీవీ ముందు ఇరవై నిమిషాలే కూర్చుంటుంది" అన్నారు కదా. దాన్ని బట్టి పాప సిద్ధంగా లేదనుకోకండి. ఇంట్లో పక్కనే బొమ్మలుంటాయి, లేచి వెళ్ళడానికి కారణం ఉంటుంది. పెద్ద తెర ముందు ఇంకాసేపు కూర్చుంటారు. కానీ ఇంట్లో భయమేస్తే రిమోట్ నొక్కుతారు, గదిలోంచి వెళ్ళిపోతారు. హాల్లో ఆ రెండూ కుదరవు, ఎటు చూసినా తెరే.

అందుకే నేను తల్లిదండ్రులని వయసు అడగను. పాప తనంతట తను "నాకు భయమేస్తోంది", "బయటికెళ్దాం", "బాత్రూమ్" అని చెప్పగలదా? చెప్పిన మరుక్షణం, క్లైమాక్స్ అయినా సరే, మీరు లేస్తారా? ఈ రెండిటికీ అవును అనగలిగితే మూడున్నరకైనా వెళ్ళండి. రెండోదానికి కాదంటే ఆరేళ్ళకైనా వెళ్ళకండి. నేను చూసినంతలో మొదటిదాని కంటే రెండో దాని దగ్గరే ఎక్కువమంది తప్పుతారు.

#13 గోడమీద పిల్లి

టీచర్ గారూ, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. మీ ఆయనకి సారీ చెప్పండి పాలపిట్ట గారూ.

#14 కత్తెర సుబ్బడు

సర్టిఫికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలామంది "యూ ఉంది కదా" అని తీసుకెళ్ళిపోతారు. బ్రిటన్ బోర్డు అయితే యూ అంటే నాలుగేళ్ళు, ఆపై పిల్లలకి సరిపోయేది అని స్పష్టంగా చెప్తుంది. అక్కడే దాని పై మెట్టు పీజీ (పెద్దల సలహాతో చూడాల్సినది), అది ఎనిమిదేళ్ళ పిల్లల్ని కలవరపెట్టకూడదు. భారత్‌లో 2024 నుంచి యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఆ అంకె తల్లిదండ్రులకి సూచన, గేటు దగ్గర ఆపే రూలు కాదు. "ఏ" (A) సర్టిఫికెట్ అయితే 18 నిండని వాళ్ళకి, అమ్మానాన్న పక్కనున్నా, ప్రవేశం లేదు.

అసలు విషయమేంటంటే, ఈ అక్షరాలు హింస, భాష, భయం లాంటివి చూసి ఇచ్చేవి. హాల్లో సౌండ్ ఎంత పెడతారు, మూడేళ్ళ పిల్ల అంతసేపు కూర్చోగలదా అనేవి బోర్డు పని కాదు. యూ సర్టిఫికెట్ ఉన్న రెండుంపావు గంటల సినిమా కంటే యూ సర్టిఫికెట్ ఉన్న గంటన్నర సినిమా మొదటిసారికి మేలు. నిడివి చూడండి.

#15 తీరిగ్గా తాతయ్య

పాలపిట్టా, మీ అత్తగారి పక్షాన ఎవరూ లేరు కాబట్టి నేను వచ్చానమ్మా. మేమంతా అమ్మ ఒళ్ళో పడుకుని సినిమాలు చూసినవాళ్ళమే. ఎవరూ మఫ్‌లూ గిఫ్‌లూ పెట్టలేదు. మీ తరం ప్రతిదానికీ టెన్షన్ పడుతుంది.

#16 బూత్ బాబు

బాబాయ్ గారూ, మీరన్నది మీ రోజులకి సరిపోతుంది. అప్పుడు మామూలు హాల్లో శబ్దమంతా తెర వెనక నుంచే, మోనోలో (ఒకే ఛానెల్లో). ఫిల్మ్ అంచున ఉండే పాత సౌండ్ ట్రాక్ మీద మరీ గట్టి శబ్దాలు పట్టేవే కావు, పెంచితే గరగరలాడేది. థియేటర్లలో డాల్బీ డిజిటల్ మొదలైంది 1992లో. అప్పటి నుంచి బాంబు నిజంగా బాంబులాగే వినపడుతోంది. మీ అమ్మగారి ఒడి అదే, హాలు మాత్రం అది కాదు.

#17 తీరిగ్గా తాతయ్య

సరేనయ్యా, ఇది ఒప్పుకోవాల్సిందే. మొన్న మనవడితో వెళ్ళినప్పుడు నాకే గుండె దడదడలాడింది. అయినా టెన్షన్ సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

#18 నిశ్శబ్దం ప్లీజ్

మా బాబుకి ఆటిజం, శబ్దం అస్సలు పడదు. మిక్సీ సంగతి చదివి రాస్తున్నాను. మిక్సీకి చెవులు మూసుకోవడం ఈ వయసులో చాలామంది పిల్లలు చేస్తారు, దాన్ని పట్టుకుని కంగారు పడకండి. కానీ హ్యాండ్ డ్రయ్యర్, టపాసులు, మైకు ఇలా అన్నిటికీ అంతేనా, ఏడుపు ఎంతసేపటికి ఆగుతోంది అనేది గమనించండి.

కొన్ని థియేటర్లు మాలాంటి వాళ్ళ కోసం ప్రత్యేక ఆటలు వేస్తాయి. లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. ఆటిజం లేని చిన్నపిల్లలకి కూడా మొదటి సినిమాకి అంతకంటే మంచి చోటు లేదు. మీకు దగ్గర్లో ఉందేమో ఫోన్ చేసి అడగండి. లేకపోతే కొత్త సినిమా మొదటి వారం వదిలేసి, జనం తగ్గాక పగటి ఆటకి వెళ్ళండి. ఖాళీ హాలు సగం సమస్యలు తీరుస్తుంది.

#19 పాలపిట్ట

అందరికీ చాలా థాంక్స్. మా ఆయనకి కూడా చదివి వినిపించాను. "అయితే క్లైమాక్స్‌లో లేచేది ఎవరు?" అని అడిగారు, ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

ఒక రెండు సందేహాలు. ఇంట్లో ముందు రిహార్సల్‌లాగా ఏమైనా చేయొచ్చా? ఆ సినిమా త్రీడీలో కూడా ఉందట, పాపకి కళ్ళద్దాలు సరదా. పెట్టొచ్చా?

#20 పలకా బలపం

రిహార్సల్ చేయొచ్చు. సాయంత్రం లైట్లు ఆర్పి, కుర్చీల్లో కూర్చుని, ఒక సినిమా ఆపకుండా వేయండి. మధ్యలో పాజ్ లేదు, లేచి వెళ్తే కథ ఆగదు అని ముందే చెప్పండి. పాప ఎక్కడ కదిలింది, ఎక్కడ మీ చెయ్యి పట్టుకుంది చూడండి. థియేటర్ సినిమా కథ కూడా ముందే చెప్పేయండి, చివర ఏమవుతుందో సహా. మనకి సస్పెన్స్ పోతుంది కానీ చిన్నపిల్లలకి జరగబోయేది తెలిస్తేనే ధైర్యం.

#21 కత్తెర సుబ్బడు

త్రీడీ వద్దండీ. ఫ్రాన్స్‌లో ఆహార, పర్యావరణ ఆరోగ్య భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2014లోనే ఆరేళ్ళ లోపు పిల్లలకి త్రీడీ చూపించొద్దని సలహా ఇచ్చింది. రెండు కళ్ళూ కలిసి పనిచేయడం ఇంకా కుదురుకుంటున్న వయసు అది. పైగా ఆ కళ్ళద్దాలు చిన్న మొహం మీద నిలవవు, ఇయర్‌మఫ్ కింద అసలు నిలవవు. తీసేస్తే బొమ్మ రెండుగా కనపడుతుంది. టూడీకే వెళ్ళండి.

#22 చెవిలో పువ్వు

నాది కాని సబ్జెక్టే అయినా ఒక మాట. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే మెరుపు లైట్ల సీన్ల గురించి ముందే విచారించి, డాక్టర్‌ని అడగండి. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీలో ఒక కార్టూన్ చూస్తుండగా ఎర్ర, నీలం మెరుపులు వేగంగా వచ్చి వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. చీకటి గదిలో, దగ్గరగా చూస్తే ఆ ప్రభావం ఎక్కువ. మామూలు పిల్లలు దీని గురించి భయపడాల్సిన పని లేదు.

#23 ఇద్దరి అమ్మ

సీటు ముడుచుకుపోవడం గురించి ఎవరూ చెప్పలేదు! మడత సీట్లలో తేలికైన పిల్లలు కూర్చుంటే సీటు వాళ్ళతో సహా పైకి ముడుచుకుపోతుంది. మా చిన్నది మోకాళ్ళు ముక్కుకి తగిలేలా ఇరుక్కుని ఏడ్చింది. బూస్టర్ సీటు ఇస్తారేమో అడగండి, లేదంటే మీ ఒళ్ళోనే. ముందు వరుసలో తల అడ్డం ఉంటే ఎలాగూ ఒళ్ళోకే వస్తారు.

#24 కొత్తగా చేరా

ఈ థ్రెడ్ చాలా ఉపయోగపడింది. మాకు ఎనిమిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. బాబు చూడాలనుకునే సినిమా పాపకి ఎక్కువ, పాప సినిమా వాడికి బోర్. ఇద్దర్నీ ఒకేసారి తీసుకెళ్ళేవాళ్ళు ఎలా చేస్తున్నారు?

#25 ఇద్దరి అమ్మ

ఒకేసారి తీసుకెళ్ళకపోవడమే మేం చేసేది. వాడి సినిమాకి వాళ్ళ నాన్న, దాని సినిమాకి నేను. దాన్ని వదిలి వెళ్తున్నారని ఏడిస్తే ఆ పూట పార్కుకి తీసుకెళ్తాను. "అన్నయ్య వెళ్ళాడు కదా" అని వయసుకి మించిన సినిమాకి చిన్నదాన్ని లాక్కెళ్తే చివరికి ముగ్గురం బయట వరండాలో నిలబడాల్సి వస్తుంది, ముందు అలిగేది పెద్దవాడే.

#26 పలకా బలపం

తప్పనిసరిగా నలుగురూ వెళ్ళాల్సి వస్తే చిన్నవాళ్ళకి సరిపోయే సినిమాకే వెళ్ళండి. ఎనిమిదేళ్ళ వాడికి బోర్ కొడితే కొట్టింది, రాత్రి పీడకలలు రావు కదా. "చెల్లికి భయమేస్తే నువ్వే చెయ్యి పట్టుకోవాలి" అని వాడికి ఒక పని అప్పజెప్పండి, సగం బోర్ తగ్గుతుంది.

#27 బూత్ బాబు

ఒకే వరుసలో తీసుకోండి, పాపని పట్టుకునేవాళ్ళు నడవా వైపు. బయటికెళ్ళే తలుపు ఏ వైపు ఉందో లైట్లు ఆరకముందే చూసిపెట్టుకోండి. కొన్ని హాళ్ళలో ఒక్కసారి ఆ తలుపు దాటితే మళ్ళీ ఆ దారిన లోపలికి రానివ్వరు, టికెట్ ముక్క వాళ్ళ నాన్న జేబులో కాదు, ఎవరు లేస్తారో వాళ్ళ దగ్గరే ఉండాలి.